పాట అడిగితే డీజేలకి ఎందుకంత చిరాకు? కన్సోల్ వెనక ఉన్నవాళ్లు చెప్పండి

పెళ్లికూతురి_అక్క | కరీంనగర్

వచ్చే నెల మా చెల్లి పెళ్లి. సంగీత్‌కీ బరాత్‌కీ కలిపి ఒకే డీజేని మాట్లాడుకున్నాం. అడ్వాన్స్ తీసుకుంటూ అతను అన్న మొదటి మాట: "అక్కా, లిస్ట్ ముందే వాట్సాప్ చేయండి. ఆ రోజు మాత్రం చుట్టాలెవరూ నా దగ్గరికి రాకుండా చూడండి." మా ఇంట్లో అది జరిగే పని కాదు. మా చిన్న బాబాయికి రెండు పెగ్గులు పడ్డాయంటే డీజే పక్కనే కుర్చీ వేసుకుంటాడు. పిల్లలు ఒకవైపు, మేనత్తలు ఇంకోవైపు. డబ్బులిచ్చి పిలిచాక ఒక పాట అడిగే హక్కు కూడా లేదా? ఇక్కడ డీజేలు చాలామంది ఉన్నారు కదా, మొహమాటం లేకుండా చెప్పండి.

కన్సోల్_వెనక | హైదరాబాద్

వీకెండ్స్‌లో పబ్బులు, ముహూర్తాల సీజన్లో పెళ్లిళ్లు, రెండూ చేస్తాను. పాట అడగడం మీద కోపం లేదండీ. అడిగే పద్ధతి మీదే.

మా దగ్గరికొచ్చే రిక్వెస్టులు ఎలా ఉంటాయో వినండి. "మంచి పాట పెట్టు బ్రో." అంటే ఇప్పటిదాకా పెట్టినవన్నీ ఏంటి? "అదే, హీరో ఎర్ర చొక్కాలో వర్షంలో తడుస్తాడు చూడు, ఆ పాట." చెవిలో హమ్ చేసి వినిపించేవాళ్లు వేరే, అదీ బేస్ అదిరిపోతున్న బాక్సుల పక్కన. ఫ్లోర్ నిండా జనం ఎగురుతుంటే వచ్చి "ఇది మార్చు, ఎవరికీ నచ్చట్లేదు" అనేవాడు ప్రతి ఫంక్షన్‌లో ఒకడుంటాడు. ఎవరికీ అంటే అతనికి.

పాట నడుస్తుంటే మేం ఖాళీగా నిలబడ్డట్టు కనిపిస్తాం. నిజానికి ఒక చెవికి హెడ్‌ఫోన్ ఆనించి తర్వాతి పాట ఎక్కడ కలపాలో చూసుకుంటుంటాం. సరిగ్గా అది కలిపే క్షణంలో భుజం మీద చెయ్యి పడుతుంది. అటు తిరిగామా, మిక్స్ పోయింది. తప్పు మాత్రం డీజేదే.

మన పాటలతో ఇంకో చిక్కుంది. హిందీ, ఇంగ్లిష్ క్లబ్ పాటలు చాలావరకు నాలుగు దెబ్బల లెక్కలో నడుస్తాయి. తీన్మార్, డప్పు పాటలు ఆరు దెబ్బల లెక్క, మ్యూజిక్ వాళ్లు సిక్స్ బై ఎయిట్ అంటారు. ఒకదాని మీద ఇంకోటి నేరుగా కలిపితే ఆడేవాళ్ల కాళ్లు తడబడతాయి. ఎకో ఇచ్చి, ఆపి, కొత్తగా మొదలెట్టాలి. అలా ఊరికే ఆపుతుంటే ఫ్లోర్ చల్లబడుతుంది. అందుకే ఆరు దెబ్బల పాటలన్నీ ఒక గుత్తిగా పెట్టుకుంటాం. హిందీ పాటలు జోరుగా నడుస్తుండగా మాస్ డప్పు పాట అడిగితే "తర్వాత" అంటాం. అది వదిలించుకోవడానికి చెప్పే మాట కాదు.

గోదారోడు | భీమవరం

ఆ "తర్వాత" ఈ జన్మలో రాదు గురూగారూ. నా అనుభవం చెబుతున్నా.

మొన్న మా ఫ్రెండు రిసెప్షన్‌కి వెళ్తే డీజే మొదటి గంటలో వేసిన పాటలే రెండో గంటలో వేశాడు. అన్నీ ఈ రెండేళ్ల రీల్స్ పాటలు. 90ల చిరంజీవి పాట ఒక్కటి అడిగితే, "సర్, దానికి లైసెన్స్ లేదు, హోటల్ వాళ్లు ఒప్పుకోరు" అన్నాడు. నిన్నగాక మొన్న రిలీజైన సినిమా పాటకి లైసెన్స్ ఉండి, ముప్పై ఏళ్ల కిందటి పాటకి లేదా? పాట అతని దగ్గర లేదు, ఆ ముక్క చెప్తే సరిపోయేది.

ఈవెంట్_భాయ్ | విజయవాడ

గోదారోడు గారూ, లైసెన్స్ సాకు మేమూ వింటుంటాం. కాపీరైట్ చట్టం 1957లో సెక్షన్ 52(1)(జెడ్ఏ) ప్రకారం మతపరమైన వేడుకల్లో పాటలు వేయడం ఉల్లంఘన కాదు. పెళ్లి ఊరేగింపు, పెళ్లికి సంబంధించిన వేడుకలు కూడా అందులోనే వస్తాయని ఆ సెక్షన్ వివరణలోనే ఉంది. 2023 జూలైలో కేంద్ర పరిశ్రమల ప్రోత్సాహక శాఖ ఇదే విషయం మీద పబ్లిక్ నోటీసు కూడా ఇచ్చింది. అయినా కొన్ని హోటళ్లు లైసెన్స్ కాగితం అడుగుతాయి, అది వేరే గొడవ. న్యూ ఇయర్ పార్టీకి, టికెట్ పెట్టిన ఈవెంట్‌కి మాత్రం లైసెన్స్ కావాల్సిందే. పెళ్లి రిసెప్షన్‌లో మీరు అడిగిన పాటని ఆపేంత చట్టం ఏదీ లేదు.

డీజేలు "లేదు" అనడానికి అసలు భయపడేది వేరే రకం రిక్వెస్టులకి. ఎవరూ రాయట్లేదు కాబట్టి నేనే రాస్తా. మా కృష్ణా, గుంటూరు వైపు ఒక హీరో పాట పడిందంటే ఇంకో హీరో అభిమానులు కన్సోల్ దగ్గరికి వస్తారు. వాళ్ల పాటా పడాలి, అదీ ఇంతకంటే ఎక్కువసేపు పడాలి. తర్వాత జెండాలు బయటికొస్తాయి. ఎవరో ఒకరు పార్టీ పాట అడుగుతారు, ఇంకా తాగినవాళ్లు కులం పాట అడుగుతారు. పెళ్లికొడుకు స్నేహితులు అన్ని పార్టీల్లో, అన్ని కులాల్లో ఉంటారు కదా. అక్కడ మొదలైన తోపులాట భోజనాల హాల్ దాకా వెళ్లడం కళ్లారా చూశాను. అప్పటినుంచి మా ఒప్పందంలో ఒక లైన్ రాస్తున్నాం: పార్టీ పాటలు, కులం పాటలు, హీరోల డైలాగ్ మిక్సులు వేయబడవు. పెళ్లివారి సంతకం తీసుకుంటాం. డీజే కుర్రాడికి అదే రక్షణ.

మోడరేటర్

హీరోల పేర్లు పెట్టి ఇక్కడ కూడా మొదలెట్టొద్దు. ఇప్పటికే రెండు పోస్టులు తీసేశాను.

బేస్‌బాక్స్ | వరంగల్

నేను బరాత్ బండి నడిపిస్తా. డీసీఎం మీద బాక్సులు, జనరేటర్, లైట్లు. హాల్‌లో చేసే అన్నలకి ఉన్న కష్టం మాకు వేరే తీరుగా ఉంటది.

బరాత్‌లో రిక్వెస్ట్ వద్దనుకునే డీజే ఆ పని మానేసుకోవాలె. మాకు రిక్వెస్టులే దారి చూపిస్తాయి. బండి కదలకుండా ఒకే చౌరస్తాలో గంట నిలబడిందంటే అక్కడ ఆడేవాళ్లకి ఏదో పాట తగిలిందన్నట్టు. ఎవరు అడుగుతున్నరో చూసి లెక్కేసుకుంటం. పెళ్లికొడుకు దోస్తులు అడిగితే ఫోక్ డీజే రీమిక్స్, మేనమామలు అడిగితే పాత తీన్మార్, ఆడవాళ్లు అడిగితే బతుకమ్మ బీటు మీద పాట. 2021లో ఒక పెళ్లికూతురు బరాత్‌లో బుల్లెట్టు బండి పాటకి ఆడిన వీడియో వైరల్ అయింది కదా. ఆ ఏడాదంతా అది వెయ్యకుండా ఏ పెళ్లికూతురు ఇంట్లోకీ బండి పోలే. ఒకే రాత్రి మళ్లీ మళ్లీ వేసేవాళ్లం. మాకు విసుగొచ్చినా ఆ పిల్లకి అది మొదటిసారే కదా.

నాకు చిరాకు తెప్పించేది ఒక్కటే: "ఫోన్ కనెక్ట్ చెయ్యన్నా, నేనే పెడతా." బ్లూటూత్ ఇచ్చినమంటే పాట మధ్యల ఆయన భార్య ఫోన్ చేస్తది. రింగ్‌టోన్ వాడ మొత్తానికి వినిపిస్తది. యూట్యూబ్ అయితే మధ్యల యాడ్. ఇంత పెద్ద బాక్సుల మీద యూట్యూబ్ నుంచి దించిన పాట పలచగా, గరగరమంటూ వస్తది. మా దగ్గర అదే పాట 320 కేబీపీఎస్‌ల, అంటే మంచి క్వాలిటీల ఉంటది, పేరు చెప్తే చాలు.

ఇంకోటి. రీమిక్స్ మొదట్ల "డీజే ఫలానా" అని గొంతు వస్తది కదా. అది విని "నీ పేరు వేరే కదా, దొంగ పాట పెడుతున్నవా" అని అడిగినోళ్లున్నరు. ఆ రీమిక్స్ చేసినాయన పేరది, అంతే.

ఫేడర్_పిల్ల | హైదరాబాద్

కన్సోల్ వెనక అమ్మాయి ఉంటే ఈ లెక్కలన్నీ మారతాయి. పాట అడగడం చాలాసార్లు సాకు మాత్రమే. పాట పేరు ఒక్క మాటలో చెప్పొచ్చు, దానికి కన్సోల్ మీదికి వంగి చెవి దాకా రానక్కర్లేదు. "ఈ పాట తెలుసా నీకు? పోనీ ఇది తెలుసా?" అని పరీక్ష పెట్టేవాళ్లు ఇంకో రకం. నా పక్కన అబ్బాయి డీజే ప్లే చేస్తుంటే అతన్ని ఎవరూ అలా అడగరు.

అందుకే నేను రిక్వెస్టులు నోటితో తీసుకోవడం మానేశాను. కన్సోల్ ముందు క్యూఆర్ కోడ్ పెడతాను, స్కాన్ చేసి పాట పేరు టైప్ చేస్తే నా ట్యాబ్‌లో కనిపిస్తుంది. నిజంగా పాట కావాల్సినవాళ్లు టైప్ చేస్తారు. మిగతావాళ్లు తగ్గిపోతారు. దీనివల్ల ఇంకో మేలు కూడా ఉంది: నాలుగు టేబుళ్ల నుంచి ఒకే పాట వస్తే అది నేను అనుకున్న ఆర్డర్‌లో లేకపోయినా వేసేస్తాను. అంతమంది అడిగారంటే ఫ్లోర్‌ని నేనే సరిగ్గా చదవలేదన్నమాట.

గోదారోడు | భీమవరం

క్యూఆర్ అంటే గుర్తొచ్చింది. పాటకి డబ్బులు తీసుకునే సంగతేంటి? మా వైపు ఐదొందలు ఫోన్‌పే చేస్తే మన పాట వెంటనే పడుతుంది. చేయకపోతే "తర్వాత". మరి అప్పుడు సిక్స్ బై ఎయిట్ అడ్డం రాదా?

కన్సోల్_వెనక | హైదరాబాద్

పబ్‌లో టిప్ తీసుకుంటాను, దాచేదేం లేదు. నచ్చిన పాట పడ్డాక ఇచ్చేది టిప్. పడకముందే ఇచ్చి "నెక్స్ట్ ఇదే" అంటే మాత్రం తీసుకోను. ఒకరి ఐదొందలకి మిగతా ఫ్లోర్ అంతా తాగునీళ్ల దగ్గరికి వెళ్లిపోతే రేపు మేనేజర్ నన్ను పిలవడు.

పెళ్లిలో అయితే అసలు తీసుకోకూడదు. అక్కడ నాకు డబ్బిచ్చింది పెళ్లివారు. చుట్టం చేతిలో డబ్బు తీసుకుని పాట అమ్మితే అది పెళ్లికూతురి టైమ్ అమ్మినట్టే.

ఈవెంట్_భాయ్ | విజయవాడ

చెప్పడానికి బాగుంది తమ్ముడూ. చిన్న ఊళ్లలో డీజే కుర్రాళ్లకి మాట్లాడుకున్న బ్యాలెన్స్ చేతికి రావడమే కష్టం. పెళ్లయ్యాక "కరెంట్ పోయింది కదా, జనరేటర్ లేటయింది కదా" అని కోసేస్తారు. జనరేటర్ డీజిల్, కూలీలు, బండి బాడుగ పోను మిగిలేది చూస్తే ఆ ఐదొందలని తప్పు పట్టలేం. రేటు సరిగ్గా ఇచ్చే పెళ్లిలో పాటలు అమ్మే డీజేని నేను చూడలేదు.

తాతగారి_రేడియో | రాజమహేంద్రవరం

మీ చర్చ చదువుతుంటే నవ్వొస్తోంది. కొత్తదేమీ కాదు ఇది. మా చిన్నప్పుడు పెళ్లి బ్యాండు మేళం వాళ్ల దగ్గర పది రూపాయల నోటు ఊపి పాట అడిగేవారు, క్లారినెట్ ఆయన ఆపకుండానే తలూపేవాడు. శాస్త్రీయ సంగీత కచేరీల్లో ఫలానా కృతి పాడమని చీటీ రాసి వేదిక మీదికి పంపేవారు, ఇప్పటికీ పంపుతారు. విద్వాంసుడు చీటీ చూసి పక్కన పెట్టుకునేవాడు, పాడితే చివర్లో పాడేవాడు, లేకపోతే లేదు. ఆయన్ని ఎవరూ తిట్టలేదు. వివిధ భారతిలో కోరిన పాటకి మన పేరు చదువుతారని పోస్టుకార్డు రాసి వారాలు ఎదురుచూసేవాళ్లం. ఇప్పుడు అడిగిన మరుక్షణం పడాలి, అదే తేడా.

నాకున్న బాధ ఒకటే. పెళ్లిళ్లలో మా వయసు వాళ్లని ఏ డీజే అడగడు. ఏఎన్నార్ పాట ఒకటి వేసి చూడండి, కుర్చీల్లోంచి ఎవరు లేస్తారో.

కన్సోల్_వెనక | హైదరాబాద్

తాతగారూ, ఇది నేను ఒప్పుకుంటాను. పాత పాటలు అడిగేవాళ్లు మాకు దొరకడమే తక్కువ, ఎందుకంటే పెద్దవాళ్లు బాక్సుల సౌండ్‌కి భయపడి మా దగ్గరికి రారు. భోజనాల టైమ్‌లో సౌండ్ తగ్గించి ఎనభైల దాకా పాటలు వేస్తే నడుస్తుంది. ఫ్లోర్ మీద వేయడం కొంచెం కష్టం. ఆ రోజుల్లో పాట తాళం మనుషులు వాయించింది, చివరిదాకా ఒకే స్పీడులో ఉండదు, కంప్యూటర్ బీటుకి అతకదు. అయినా మధ్యలో ఒకటి విడిగా వేస్తే అమ్మమ్మలు, తాతయ్యలు వచ్చి నిలబడతారు. అప్పుడు ఫోన్లన్నీ అటు తిరుగుతాయి. రాత్రంతటికీ మంచి వీడియో అదే అవుతుంది చాలాసార్లు.

ఫ్రిస్కో_మిక్స్ | డాలస్, టెక్సస్

ఇక్కడ మన పెళ్లిళ్లలో పద్ధతి కొంచెం వేరు. కొన్ని నెలల ముందే జంటతో వీడియో కాల్‌లో కూర్చుని ఫారం నింపుతాం. తప్పకుండా పడాల్సినవి, వీలైతే పడాల్సినవి, ఎవరడిగినా పడకూడనివి. మూడోదే ముఖ్యం. అందులో కొన్నిసార్లు మాజీ ప్రేమ గుర్తొచ్చే పాట ఉంటుంది, కొన్నిసార్లు పెళ్లికూతురికి అసలు పడని ఐటం పాట ఉంటుంది. గెస్ట్ వచ్చి అడిగితే "జంట వద్దన్నారు" అని చెప్తే ఎవరూ వాదించరు. డీజే వద్దన్నాడంటే మాత్రం వాదిస్తారు.

మా అసలు ఇబ్బంది సగం హాల్ తెలుగు, సగం హాల్ పంజాబీయో గుజరాతీయో కావడం. ప్రతి ఇరవై నిమిషాలకీ ఒకవైపు నుంచి "మా పాటలేవీ?" అని వస్తారు. తెల్లవాళ్లయిన ఆఫీసు స్నేహితులు ఇంతకుముందు ఏమీ అడిగేవారు కాదు. 2023 మార్చిలో ఆస్కార్ వచ్చాక వాళ్లూ వచ్చి "నాటు నాటు" అడుగుతున్నారు. అదీ ఆరు దెబ్బల పాటే. హిప్ హాప్ మధ్యలో ఆపి అది వేస్తే తెలుగువాళ్లకంటే ముందు వాళ్లే ఫ్లోర్ మీదికొస్తారు. ఆపి మొదలెట్టినా చల్లబడని పాట అదొక్కటి చూశాను.

నిద్రలేని_ఎదురిల్లు | హైదరాబాద్

ఫంక్షన్ హాల్ ఎదురింట్లో ఉంటాను. మీ రిక్వెస్టులన్నీ మాకూ వినిపిస్తాయి. పదయ్యాక "లాస్ట్ సాంగ్, లాస్ట్ సాంగ్" అని మైకులో అరుస్తారు, ఆ తర్వాత ఇంకో ఐదు లాస్ట్ సాంగులు. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగంగా లౌడ్ స్పీకర్ వాడకూడదు. నివాస ప్రాంతంలో రాత్రి పరిమితి 45 డెసిబెల్స్. పండుగలప్పుడు రాష్ట్ర ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలించొచ్చు, అదీ ఏడాదికి 15 రోజులకి మించి కాదు. మీ బావమరిది పెళ్లి అందులో లేదు. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలని నిషేధించారంటే ఎందుకో ఆలోచించండి.

బేస్‌బాక్స్ | వరంగల్

అన్నా, మీ మాట కాదనను. కానీ పదికి బంద్ చేసేటప్పుడు నా పరిస్థితి చూడుండ్రి. తొమ్మిదిన్నర దాకా అందరూ ఫొటోలు, భోజనాలు. తొమ్మిదిన్నరకి మందు దిగి ఒక్కసారి నలభై మంది నలభై పాటలు అడుగుతరు. పదికి పోలీసు బండి వచ్చి ఫైన్ వేస్తే, బాక్సులు తీసుకపోతే అది నాది. "నేను మాట్లాడతా, నువ్వు వెయ్యి" అన్న మామ అప్పటికి కనబడడు. ఇప్పుడు నేనే తొమ్మిది ముప్పావుకి మైకులో చెప్పేస్తున్న, ఇంక మూడే పాటలు, ఏవో పెళ్లికొడుకే చెప్తడు అని. పెళ్లికొడుకు మాట మీద ఎవరూ లొల్లి పెట్టరు.

పెళ్లికూతురి_అక్క | కరీంనగర్

ఇంతమంది ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. మా డీజే మీద కోపం కొంచెం తగ్గింది, మొత్తం కాదు. "ఎవరూ రాకూడదు" అనడం మాత్రం మొండితనమే.

సరే, పని విషయం. లిస్ట్ పంపమన్నాడు. మా చెల్లి వంద పాటలకి పైగా రాసింది. అన్నీ పంపేయనా?

ఫ్రిస్కో_మిక్స్ | డాలస్, టెక్సస్

అన్నీ పంపితే డీజేని పెట్టుకుని ఉపయోగం లేదు, పెన్‌డ్రైవ్ చాలు. పదో పన్నెండో తప్పనిసరి పాటలు, ఒక నాలుగైదు వద్దన్నవి. మిగతాది అతనికి వదిలేయండి. ఏ పాట ఏ టైమ్‌కి అని మాత్రం రాయొద్దు, ఎంట్రీకి, కేక్‌కి తప్ప.

ఫేడర్_పిల్ల | హైదరాబాద్

ఇంకోటి చేయండి. మీ ఇంటివైపు నుంచి ఒక్కరిని, అబ్బాయివాళ్ల వైపు నుంచి ఒక్కరిని డీజేకి చూపించండి. తాగని కజిన్ అయితే మంచిది. చుట్టాలు ఏ పాట కావాలన్నా వాళ్లకి చెప్తారు, వాళ్లు మెసేజ్ పెడతారు. ఎవరినీ ఆపాల్సిన పని ఉండదు, అతని దగ్గర గుంపూ ఉండదు.

పెళ్లికూతురి_అక్క | కరీంనగర్

ఇది బాగుంది. మా పిన్ని కొడుకు ఉన్నాడు, వాడికి అప్పజెప్తాను. సంగీత్‌లో మేం నేర్చుకున్న డాన్సులు ఏడు ఉన్నాయి, ఆ ట్రాకులు వాట్సాప్‌లో పంపితే సరిపోతుందా?

కన్సోల్_వెనక | హైదరాబాద్

వాట్సాప్‌లో ఆడియోగా వద్దు, కొన్ని ఫోన్లలో పేరు మారిపోయి వస్తుంది. ఏది ఎవరిదో ఆ టెన్షన్‌లో తెలీదు. పెన్‌డ్రైవ్‌లో వేసి ఇవ్వండి, ఫైల్ పేరు ముందు 1, 2, 3 అని ఆర్డర్, తర్వాత ఆడేవాళ్ల పేరు. ఎంపీ3 అయితే ఏ మెషీన్ అయినా చదువుతుంది. పాట మొదట్లో ఖాళీ ఉంటే కట్ చేయించండి, స్టేజీ మీద నిలబడి ఎదురుచూడలేరు. ఇంకో కాపీ మీ పిన్ని కొడుకు దగ్గర ఉంచండి. సంగీత్ మొదలవడానికి గంట ముందు డీజే చేత ఏడూ ఒకసారి ప్లే చేయించి వినండి.

బేస్‌బాక్స్ | వరంగల్

అక్కా, బరాత్ ఏ రూట్ల పోతదో కూడా అతనికి ముందే చెప్పుండ్రి. దారిల దవాఖాన, బడి, కోర్టు ఉంటే వంద మీటర్ల దాకా సౌండ్ బంద్ పెట్టాలె. కరెంట్ వైర్లు ఎంత ఎత్తుల ఉన్నయో బండి ఎక్కేముందే చూసుకోమనుండ్రి.